నెల దినాల్లో తెస్తానన్న సీలు

బాబా మియాను కుదురుగా కూర్చోబెట్టిన మనిషి సిద్దిపేటలో లేడు. విందుకు పిలిస్తే అందరూ వరసగా కూర్చుని తింటారు, ఈయన బిర్యానీ డేగిసా పక్కన నిలబడి నాలుగు ముద్దలు నోట్లో వేసుకుని చెయ్యి కడిగేసుకుంటాడు. మంగలి దగ్గర సగం గడ్డం గీయించుకుని, రోడ్డు మీద ఏదో బండి చప్పుడు తేడాగా వినిపించిందని సబ్బు నురగతోనే బయటికి పరుగెత్తిన ఘనుడు. పెళ్లయిన కొత్తలో భార్య మున్నీబీ హడలిపోయి దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. తాయెత్తు దారం నాలుగుసార్లు మారింది గానీ మనిషి మారలేదు. "కైకు ఫిర్తే జీ ఇత్తా? జరా బైఠో!" అంటూ, ఎందుకలా తిరుగుతావు, కాస్త కూర్చోమని ఆమె అప్పటినుంచీ అరుస్తూనే ఉంది, ఆయన తిరుగుతూనే ఉన్నాడు.

మెదక్ రోడ్డు మీద ఆయనదొక రేకుల షెడ్డు. ఇంజను పని చేస్తాడు, బ్రేకులు చేస్తాడు, కానీ జనం ఆయన్ను పిలిచే పేరు మాత్రం స్టీరింగ్ బాబా. ఎంత పెద్ద లారీ అయినా సరే, స్టీరింగును రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఒకసారి కదిపి, లోపల ఏ కీలు వదులైందో చెప్పేస్తాడు. నిమిషం నిలవని మనిషికి బండ్లను తిన్నగా నడిపించే పని అప్పగించాడంటే, ఆ దేవుడికి ఎంత పరాచికం!

అయితే ఒక్క చోట మాత్రం ఆయన కూర్చుంటాడు. చిన్ననాటి దోస్తు రాజం ఫియట్ కారులో, ముందు సీట్లో, ఎడమ పక్కన. ఆ తలుపు వేసుకున్నాడంటే ఇక కాలు మీద కాలు వేసుకుని, బీడీ కూడా అడగకుండా, ఎంత దూరమైనా పోతాడు. మున్నీబీ ఒకసారి కళ్లారా చూసి, ఆ సీటు ఊడదీసుకొచ్చి ఇంట్లో వేయించుకుందామా అని అడిగింది.

రాజం, బాబా మియా ఒకే బడి, ఒకే బెంచి. అరవై తొమ్మిదిలో ఇద్దరికీ పదహారేళ్లు. ప్రత్యేక రాష్ట్రం కావాలని బడి బంద్ పెట్టి, ఒక ఇసుక లారీ వెనకెక్కి హైదరాబాదు పట్నంలో మీటింగుకు పోయారు. తిరుగు ప్రయాణంలో లారీ దొరకలేదు. అల్వాల్ దాకా నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, రోడ్డు పక్కన రాళ్ల మీద కూలబడ్డారు. అప్పుడు రాజం, కనీసం సైకిలైనా లేని రాజం, గొప్పగా అన్నాడు: "తెలంగాణ వచ్చిననాడు నా సొంత కారుల, నేనే నడుపుకుంట, నిన్ను పక్కకు కూసోబెట్టుకొని పట్నం పోదాం. రాసిపెట్టుకో."

రాజం తండ్రి తాళ్లెక్కే గౌడు. కొడుక్కేమో తాటిచెట్టు సగం ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకని లారీ క్లీనరయ్యాడు, డ్రైవరయ్యాడు, ఎనభై ఆరులో ఒక డాక్టరు గారు వదిలించుకున్న పాత ఫియట్ కొనుక్కున్నాడు. తెల్ల రంగు, స్టీరింగు పక్కనే గేరు పుల్ల, వెనక సీటుకు ఎర్ర రెక్సిను. కొండపాక నుంచి మద్దూరు దాకా ఆ కారెక్కని పెళ్లికొడుకు లేడంటే అది కాస్త ఎక్కువే గానీ, రాజం అలాగే చెప్పుకునేవాడు.

రెండువేల పదకొండు శ్రావణమాసం చివర్లో ఆ గర్వానికి దెబ్బ తగిలింది. కొండపాకలో ఒక పెళ్లి. పెళ్లికూతురి ఇంటి ముందు కారు మలపాలి. ఆగి ఉన్న బండికి స్టీరింగు పూర్తిగా తిప్పడమంటే బలమైన పని. సగం తిప్పేసరికి రాజం కుడి భుజంలో ఏదో కలుక్కుమంది, చెయ్యి జారింది, కారు వెళ్లి గేటు స్తంభానికి తగిలింది. హెడ్‌లైటు పగిలి గాజు పెంకులు పందిట్లో పడ్డాయి. బ్యాండు వాళ్లు వాయించడం ఆపేశారు. పెళ్లికొడుకు దిగి, ఎవరిదో ఇండికా ఎక్కాడు.

దవాఖానలో డాక్టరు భుజం అటూ ఇటూ తిప్పి చూసి, కీలు అరిగిపోయిందన్నాడు. ఏళ్ల తరబడి బరువు లాగితే ఇలాగే అవుతుంది, ఇక బండి మానెయ్ అన్నాడు. మానెయ్ అట! చెప్పడానికేం, నోటి మాటే కదా.

రెండు వారాల తర్వాత రాజం భార్య ఎల్లవ్వ షెడ్డుకొచ్చింది.

"బాబన్నా, జర ఏమన్న చెయ్యి. పొద్దుందాక కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతుండు. బండిల కూసుంటడు, దిగుతడు, మల్ల కూసుంటడు. అన్నం పెడితె ముట్టడు. నాకు భయమైతుంది."

"ఏం భయపడకు చెల్లె. నేను చూస్త గద," అన్నాడు బాబా మియా. అప్పటికే సగం దూరం నడిచేశాడు.

రాజం వాకిట్లో కారులోనే ఉన్నాడు. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని స్టీరింగు వైపు చూస్తున్నాడు.

"ఇయ్యాల్నో రేపో తెలంగాణ ఇస్తరంటున్నరు," అన్నాడు తల తిప్పకుండానే. "ఇచ్చిననాడు తాళం చెయ్యి వేరేటోని చేతుల పెట్టి నేను పక్కకు కూసోవాల్నారా? నేను పక్కకు కూసుంటె నువ్వేడ కూసుంటవ్?"

బాబా మియా కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. బండి షెడ్డుకు తెమ్మన్నాడు. మరుక్షణమే తెలివొచ్చి, తనే నడుపుకుని తెచ్చాడు. దారిలో ప్రతి మలుపులోనూ ఆయన చేతులకే నొప్పి పుట్టింది.

అది సకల జనుల సమ్మె మొదలైన వారం. ఆ రోజుల్లో ఊరు ఊరంతా బాబా మియాలాగే అయిపోయింది, ఎవరికీ కాలు నిలవదు. బస్సులు డిపో దాటలేదు. పంతుళ్లు బడికి తాళం వేసి రోడ్డెక్కారు. ఆఫీసుల్లో కుర్చీలు ఖాళీ, శిబిరాల్లో చాపలు చాలవు. పొద్దున ఒక ఊరేగింపు, సాయంత్రం ఒక ఊరేగింపు, మధ్యలో ఢిల్లీ ఏమందోనని టీవీల ముందు గుంపులు. బాబా మియా షెడ్డు తలుపు సగం వేసి, సగం తీసి, సమ్మెకు సమ్మె, పనికి పని అన్నట్టు ఉన్నాడు.

స్టీరింగు డబ్బా మూతకు నాలుగు బోల్టులు. మొదటి బోల్టు వదులవగానే, పక్కన కూర్చున్న రాజం లేచాడు.

"నేను ఛాయ్ తాగొస్త," అన్నాడు.

ఆ రోజు బంద్. ఊళ్లో ఒక్క హోటలు తెరిచి లేదు. ఛాయ్ ఎక్కడ దొరుకుతుందో బాబా మియాకు అప్పుడు తట్టనే లేదు, ఆయన ధ్యాసంతా బోల్టుల మీద ఉంది.

మూత తీశాడు. లోపల చూసి, పానా కింద పడేశాడు.

ఆ డబ్బాలో ఉండాల్సింది తొంభై నంబరు నూనె. చిక్కటి నూనె, మర తిరిగినప్పుడల్లా చుట్టూ పారి దాన్ని తడుపుతూ ఉండాలి. దాని బదులు నల్లగా, గట్టిగా, ఎండిన తారులాగా గ్రీజు ఉంది. మర తిరిగి తిరిగి ఆ గ్రీజులో గుహ తొలుచుకుంది. ఆ గుహలో చుక్క తడి లేదు. ఇనుము ఇనుముతో రాసుకుని పళ్లన్నీ నెర్రెలిచ్చాయి. ఇలాంటి స్టీరింగును తిప్పడమంటే ఎండిన మోటబావి గిలక లాగినట్టే.

ఏ దద్దమ్మ కొట్టాడు దీంట్లో గ్రీజు అని బాబా మియా నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కొట్టింది తనే.

ఎనభై తొమ్మిదిలో. ఆ డబ్బా అడుగున రబ్బరు సీలు పోయి, నూనె బొట్లుబొట్లుగా కారేది. పెళ్లివాళ్ల వాకిట్లో, అలికి ముగ్గులేసిన చోట, కారు నిలిపితే చాలు నల్లటి మరక. ఆడవాళ్లు రాజాన్ని తిట్టిపోసేవాళ్లు. ఆ సీలు సిద్దిపేటలో దొరకలేదు. "నెల దినాలల్ల పట్నంకెళ్లి సీలు తెస్త. అప్పటిదాక గ్రీజు కొడ్త, కారది," అన్నాడు తను. "నువ్వెట్లంటె గట్లనే," అన్నాడు రాజం. కారడం ఆగింది. తిట్లు ఆగాయి. నెల గడిచింది, ఏడాది గడిచింది. కారని దాన్ని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఇరవై రెండేళ్లు రాజం ఆ ఎండు డబ్బాను భుజబలంతో తిప్పాడు. స్టీరింగ్ బాబా అని పేరున్న మనిషి ఇన్నేళ్లూ ఆ కారులో పక్క సీట్లో కూర్చుని, ఊళ్లో అందరి స్టీరింగులూ వేళ్లతో కదిపి చూసినవాడు, దీన్ని మాత్రం ఒక్కసారి ముట్టుకోలేదు. ఆ సీట్లో ఉన్నప్పుడు తను మెకానిక్‌నన్న సంగతే ఆయనకు గుర్తుండేది కాదు.

షెడ్డు ముందర అడుగుల చప్పుడైంది. బాబా మియా గబుక్కున గుడ్డ తీసి డబ్బా మీద కప్పాడు.

"ఏమైందిరా?" అన్నాడు రాజం.

"పాతగైంది. మార్చాలె."

రాజం ఆ గుడ్డ వైపు చూశాడు, తర్వాత రోడ్డు మీద పోతున్న ఊరేగింపు వైపు చూశాడు. "సరే, మార్చు," అన్నాడు.

ఆ రాత్రి బాబా మియా సంగతంతా మున్నీబీకి చెప్పాడు. చెప్పేయమంది ఆమె. చిన్నప్పటి దోస్తు, ఏమనుకుంటాడు, ఒకరోజు తిడతాడు, పోనీ అంది. బాబా మియా మంచం చుట్టూ తిరుగుతూ, ఆడదానికేం తెలుసని కసిరాడు. చెయ్యి పోగొట్టినవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని పట్నం తీసుకుపోతాడా ఎవడైనా? ఆ సీటు తనకిక ఉంటుందా? అదీ ఆయన భయం. తెలంగాణ వస్తుందా రాదా అని ఊరంతా కొట్టుకుంటుంటే, ఆయన ఆ సీటు ఉంటుందా పోతుందా అని కొట్టుకున్నాడు.

చెప్పలేడు కాబట్టి, చేసి తీర్చుకోవాలనుకున్నాడు. పాత డబ్బా బాగు చేసినా ఆ భుజానికి బరువే. డబ్బా మొత్తం పీకేసి మారుతి కారు స్టీరింగు పెట్టాలి. అందులో డబ్బా ఉండదు, అడ్డంగా పళ్ల కడ్డీ ఒకటి, దాని మీద తిరిగే చిన్న పళ్ల చక్రం ఒకటి, అంతే. దాన్ని ర్యాక్ అంటారు. చిటికెన వేలితో తిప్పినా తిరుగుతుంది.

"నా ఫియట్‌ల మారుతి పేగులా?" అని రాజం ముఖం చిట్లించాడు.

"పేగులు ఎవరివైతేంది, అరుగుడు ముఖ్యం గద," అన్నాడు బాబా మియా. రాజం చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూడలేక బాబా మియా పానా వెతుక్కుంటున్నట్టు కిందికి వంగాడు.

పాత ఇనుప సామాను కొనే కబాడీ దుకాణంలో లారీ గుద్దిన మారుతి కారు ఒకటి పడి ఉంది. ముందు భాగం బాగానే ఉంది. ర్యాక్ విప్పుతుంటే, పక్కన తుప్పు డబ్బాలో పాత సామాను కనబడింది. ఊరికే చెయ్యి పెట్టి కెలికాడు. నూనె కాగితంలో చుట్టిన రబ్బరు సీలు ఒకటి చేతికొచ్చింది. ఫియట్ స్టీరింగు డబ్బాది. కొత్తది. ఇరవై రెండేళ్లు దొరకని సీలు షెడ్డుకు రెండు వీధుల అవతల దొరికింది! వెతికితే కదా దొరకడానికి. ఆ డబ్బా ఇప్పుడు ఇనుప ముక్కల కింద లెక్క, ఈ సీలు దేనికీ పనికిరాదు. అయినా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చొక్కా మారినప్పుడల్లా సీలు కూడా కొత్త జేబులోకి మారుతూ వచ్చింది.

పని మొదలైంది. పాత స్టీరింగు కడ్డీ కోసి, మారుతి కీలు తగిలించి, మీద గొట్టం తొడిగి, అడ్డంగా పిన్ను కొట్టి వెల్డింగు చెయ్యాలి. పక్కనున్న గేరు పుల్ల చెడకూడదు. వెల్డింగుకు కరెంటు కావాలి. కరెంటు ఏది? బొగ్గు గనుల్లో సమ్మె. శిబిరంలో మైకు పట్టుకుని, బొగ్గు ఆగితేనే ఢిల్లీ కదులుతుందని అరిచి చప్పట్లు కొట్టించుకున్నది బాబా మియానే. ఆ బాబా మియానే షెడ్డుకొచ్చి, వెల్డింగు పుల్ల చేత్తో పట్టుకుని, ఆరిపోయిన బల్బు వైపు చూస్తూ కరెంటోళ్ల ఏడు తరాలను తిట్టాడు. వచ్చిందంటే గంట. ఆ గంటలో రెండు అతుకులు. మళ్లీ పోయేది. ఆయన షెడ్డు నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి షెడ్డుకు తిరిగేవాడు. పక్కింటి బల్బు వెలిగిందేమోనని తొంగి చూసేవాడు. రాజం ఒక డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, చూస్తూ ఉండేవాడు.

"తొందరేందిర? తెలంగాణ రానీ, కరెంటు గుడ వస్తది."

"తెలంగాణ రేపే వస్తె?"

"రేపొస్తె ఎల్లుండి పోదాం."

పదో రోజుకు ర్యాక్ బిగింపు అయిపోయింది. రాజం ఎక్కి కూర్చున్నాడు. బాబా మియా ముందు నిలబడి, ఎడమకు తిప్పు అన్నాడు. రాజం ఎడమకు తిప్పాడు. చక్రాలు తాపీగా కుడికి తిరిగాయి. కుడికి తిప్పాడు. చక్రాలు ఎడమకు పోయాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంజను అడుగుభాగం అడ్డొస్తోందని బాబా మియా ర్యాక్‌ను చక్రాల ఇరుసుకు వెనకాల కాకుండా ముందు కట్టాడు. ముందు కడితే దాన్ని తిరగేసి కట్టాలి, లేకపోతే అంతా తారుమారవుతుంది. నిన్నగాక మొన్న పానా పట్టినవాడికైనా తెలిసే సంగతి. నలభై ఏళ్లుగా పానా పట్టిన స్టీరింగ్ బాబా మరిచిపోయాడు. మనసు ఒక దగ్గర, చెయ్యి ఒక దగ్గర ఉంటే ఇంకేమవుతుంది! రాజం పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బాబా, గిట్లనే ఉండనీరా. పోలీసోళ్లు వెంటవడితె మనం ఎటు వోతున్నమో ఆళ్లకు సమజ్ గాదు."

బాబా మియా నవ్వలేదు. రెండోసారి కూడా నా చేత్తోనే వీడికి కీడు చేసేవాణ్నే అనుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. వెల్డింగు మంట తగిలిందని చెప్పి ముఖం కడుక్కున్నాడు. అంతా విప్పి, ర్యాక్ తిరగేసి, కీళ్లన్నీ కొత్త మూలల్లో అమర్చడానికి ఇంకో ఆరు రోజులు పట్టింది.

బండి బయటికి తీసిన రోజు రాజీవ్ రహదారి మీద వంటా వార్పూ. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లు ఆపడం. వీళ్లకు ఆ సంగతి గుర్తే లేదు. మలుపు తిరగ్గానే ఎదురుగా పొయ్యిలు, ఉడుకుతున్న పప్పు, గరిటెలతో ఆడవాళ్లు, వెనక జెండాలు.

"ఏ, బండి ఆపుండ్రి! మలుపుకోండ్రి!" అని ఒకామె గరిటె ఊపింది.

వెనక జనం, ముందు పొయ్యిలు. ఉన్న చోటే కారు మలపాలి. కొండపాకలో చెయ్యి జారింది సరిగ్గా ఈ పనిలోనే. బాబా మియా ఊపిరి బిగబట్టాడు. నేను తిప్పాల్నా అని అడగబోయి నాలుక కరుచుకున్నాడు. రాజం కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడమ అరచేయి ఒక్కటే స్టీరింగు మీద ఆనించి తిప్పాడు. స్టీరింగు సాంతం తిరిగింది. వెనక్కి, ముందుకు, మళ్లీ వెనక్కి. మూడు ఊపుల్లో ఫియట్ పొయ్యి రాళ్లకు బెత్తెడు దూరంలో మళ్లి నిలబడింది. గరిటె ఆమె అంతసేపూ నోరు తెరిచి చూసి, "ముసలోడు మస్తు మలిపిండు!" అంది. కుర్రాళ్లు ఈలలు వేశారు. రాజం కారు ఆపి దిగి, వాళ్లతో పాటు రోడ్డు మీద కూర్చుని అన్నం తిన్నాడు. బాబా మియా విస్తరి పట్టుకుని నిలబడే తిన్నాడు. ఇప్పుడే చెప్పాలి, ఇప్పుడే అనుకుంటూ ముద్ద మింగాడు. చెప్పలేదు.

రేపొస్తుందనుకున్న తెలంగాణ రెండేళ్ల ఎనిమిది నెలలు తిప్పించుకుంది. సమ్మె ముగిసింది, కరెంటు వచ్చింది, మళ్లీ ధర్నాలు, మళ్లీ ఢిల్లీ. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత బాబా మియా రాజం వాకిట్లోకి వచ్చి కారు కింద దూరి చూసేవాడు. రాజం అడక్కపోయినా, అన్ని బోల్టులూ ఒకసారి బిగించేవాడు. ఎల్లవ్వ ఛాయ్ ఇస్తే సగం తాగి వెళ్లిపోయేవాడు. కారులో కూర్చోమంటే మాత్రం ఏదో పని చెప్పి తప్పించుకునేవాడు. ఆ సీటు తనది కాదన్నట్టు తిరిగాడు అన్నాళ్లూ. జేబులో సీలు అలాగే ఉంది.

రెండువేల పద్నాలుగు, జూన్ రెండు, తెలంగాణ వచ్చిన రోజు. పొద్దున్నే ఎల్లవ్వ కారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. మున్నీబీ కొత్త కుర్తా ఇస్త్రీ చేసి తొడిగించి, జేబులోకి సీలు తనే వేసి, "ఆజ్ తో బోలో," అంది, ఈ రోజైనా చెప్పెయ్యమని. రాజం హారన్ కొట్టాడు. తప్పించుకునే దారి లేదు. బాబా మియా ఎక్కి ఎడమ పక్కన కూర్చున్నాడు.

దారి పొడవునా జెండాలు, డప్పులు, రంగులు. కొండపాక దాటింది, ప్రజ్ఞాపూర్ దాటింది. రాజం ఒంటి చేత్తో స్టీరింగు తిప్పుతూ ఎదురొచ్చిన ప్రతి బండికీ హారన్ కొడుతున్నాడు. అరవై ఒక్కేళ్ల ముఖం మీద పదహారేళ్ల నవ్వు. పక్కన బాబా మియా అటు జరిగాడు, ఇటు జరిగాడు, అద్దం దించాడు, ఎత్తాడు.

"ఏందిర, సీట్ల ముల్లున్నదా?" అన్నాడు రాజం.

శామీర్‌పేట దాటాక బాబా మియా ఇక ఆగలేకపోయాడు. రోడ్డు వైపే చూస్తూ చెప్పేశాడు. గ్రీజు సంగతి, గుడ్డ కప్పిన సంగతి, అంతా. "నీ చెయ్యి పోగొట్టింది నేనేరా, రాజం. స్టీరింగు బరువు కాదు. నేను."

రాజం గేరు మార్చి వేగం పెంచాడు. నవ్వు పోయింది. హారన్ ఆగింది. అల్వాల్‌లో, వాళ్లు ఒకప్పుడు కూలబడిన చోట కూడా కారు ఆపలేదు, అటు చూడనైనా లేదు. జనమంతా ఊరేగింపుల వైపు పోతుంటే సికింద్రాబాద్‌లో కారును పక్కకు తిప్పి, రాణిగంజ్ వెనక ఏదో గల్లీలోకి పోనిచ్చాడు. అయిపోయింది, ఇక్కడే దింపేసి పోతాడు అనుకున్నాడు బాబా మియా.

ఒక సెల్‌ఫోన్ల దుకాణం ముందు కారు ఆగింది.

"దిగు," అన్నాడు రాజం.

బాబా మియా దిగాడు. రాజం కూడా దిగి, దుకాణం బోర్డు వైపు చూసి చిరాగ్గా తల కొట్టుకున్నాడు.

"తొంభై ఆర్ల గీడ పెద్ద వర్క్‌షాపుండెరా. పెళ్లోళ్లను తీస్కొని వస్తె స్టీరింగు బిర్ర వట్టింది. గీడి మెకానిక్ మూత ఇప్పి చూసిండు. నవ్విండు. పనోళ్లందర్ని పిలిచి చూపెట్టిండు. 'దీంట్ల గ్రీజు కొట్టిన గాడిద ఎవడ్రా' అన్నడు."

బాబా మియా వేళ్ల మీద లెక్కపెట్టాడు. తొంభై ఆరు!

"గంటల కడిగి ఆయిల్ పోస్త, సీలు గుడ నా దగ్గరున్నది అన్నడు. నిన్ను గట్లంటె నాకు మండింది. మూత పెట్టు అన్న. పెట్టించుకొని వచ్చిన."

"నీకు ఎరుకేనా? మరి నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తె ఆ గాడిద మాట గుడ చెప్పాలె గద. నా నోటికి రాలె."

"పదిహేనేండ్లు తిప్పినవ్ గదరా గట్లనే! చెయ్యి పోయె గదరా!"

"చెయ్యి నాదే గద," అన్నాడు రాజం విసురుగా. ఆ తర్వాత దుకాణం మెట్ల మీద కూర్చున్న ముసలి వాచ్‌మన్ దగ్గరికి వెళ్లి, వర్క్‌షాపు మెకానిక్ ఏడికి పోయిండని అడిగాడు. ఆయన చనిపోయి ఆరేళ్లయిందన్నాడు వాచ్‌మన్. రాజం ఆశ తీరని పిల్లాడిలా ముఖం పెట్టి, వెనక్కి తిరిగాడు.

"నిన్ను ఆనికి చూపెట్టాలనుకున్నరా. గ్రీజు కొట్టింది గీయనే, గీ స్టీరింగు జేసింది గుడ గీయనే, ఇగ ఒంటి చేత్తోటి తిప్పి చూడు అందామనుకున్న. గందుకే తెచ్చిన." అని కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, ఉన్నట్టుండి బాబా మియా వైపు చూశాడు. "అది గట్లుండనీ. నెల దినాలల్ల సీలు తెస్తనంటివి గద. ఏదిరా?"

బాబా మియా చెయ్యి జేబులోకి పోయింది. నూనె కాగితం చివికిపోయి వేళ్లకు అంటుకుంది. విప్పి, రబ్బరు సీలు తీసి రాజం అరచేతిలో పెట్టాడు.

రాజం దాన్ని చూశాడు. బాబా మియాను చూశాడు. ఆ సీలును తీసుకెళ్లి గేరు పుల్లకు తొడిగి, కళ్లు తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఎక్కు. కూసో," అన్నాడు.

బాబా మియా ఎక్కి కూర్చున్నాడు. ఆ రోజంతా పట్నం తిరిగి, మళ్లీ సిద్దిపేట చేరేదాకా సీట్లో కదల్లేదు.